ఏ రకం చెక్క?

2023 వానాకాలం. ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మొదటి అంతస్తులో ఉన్న మా షాపులో నమూనా విమానాల సామాను అమ్ముతాం. మోటార్లు, బ్యాటరీలు ఓనరు మురళి బాబు చూసుకుంటాడు. చెక్క నాది. బాల్సా అనే ఆ చెక్క దక్షిణ అమెరికా నుంచి వస్తుంది. చేతిలో పెడితే చెక్క ఉన్నట్టే ఉండదు. పలుచని షీట్లుగా, మీటరు పొడవున కోసి, కట్టలు కట్టి పంపుతారు.

ఒకే కట్టలో, ఒకే కొలతలో ఉన్న రెండు షీట్లలో ఒకటి ముప్ఫై గ్రాములు తూగితే పక్కది అరవై తూగుతుంది. అందుకే విమానం కట్టేవాళ్లు ఫోన్లో ఆర్డరు పెట్టరు, మెట్లెక్కి వచ్చి ఏరుకుంటారు. నేను యారాడ సముద్రపు ఒడ్డున వలలకు కట్టే బెండ్లు ఏరుతూ పెరిగినదాన్ని. ఏది తేలుతుందో, ఏది నీళ్లు తాగుతుందో చేతికే తెలిసిపోయేది. షాపులోనూ పన్నెండేళ్లు ఆ చేతితోనే గడిచింది. ఒక కొస పట్టుకుని షీటును గాల్లో ఆడిస్తాను, బొటనవేలి గోరుతో నొక్కుతాను, అంచు వంకరుందేమో కంటికి ఆనించి చూస్తాను. చేప పొలుసుల్లాంటి మచ్చలున్న షీటు వంగదు. మచ్చల్లేనిది అరిటాకులా చుట్టుకుంటుంది. వాటికి నేను పెట్టుకున్న పేర్లు పొలుసు షీటు, ఆకు షీటు. ఎందుకలా అవుతుందో మాత్రం ఎన్నడూ ఎవరినీ అడగలేదు.

ఆ ఏడాదే మద్దిలపాలెంలో సాయంత్రపు తరగతికి వెళ్లి, యాభై నాలుగేళ్ల వయసులో చదవడం నేర్చుకున్నాను. తెలుగు అయ్యాక ఇంగ్లీషు పెద్ద అక్షరాలు. సరిగ్గా అప్పుడే కొత్త సరుకు వచ్చింది. ప్రతి షీటు మూలనా ఏ అనో, బీ అనో, సీ అనో ఒక ముద్ర. అంతకుముందు వచ్చిన వాటి మీద ముద్రలు ఉండేవి కావు. మురళి బాబు హైదరాబాదు వెళ్లాడు. నేనే చదివి మూడు అరల్లో సర్దాను. మా తరగతిలో బాగా రాసిన వాళ్లకు ఏ ఇచ్చేవారు. నాకు సీ వచ్చేది. కాబట్టి ఏ అంటే మొదటి రకం, సీ అంటే అడుగు సరుకు అనుకున్నాను. అనుమానమే రాలేదు.

వెంకటరాజు గారు వచ్చింది ఆ వారమే. భీమవరం వైపు వారు. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు.

"పోలమ్మ గారూ, గ్లైడర్ రెక్కకి ఒక్క షీటు కావాలండి. బెస్టుది ఇవ్వండి," అన్నారు.

గ్లైడర్ అంటే ఇంజిన్ లేకుండా చేతితో విసిరే విమానం. రెక్క మొత్తం ఒకే షీటులోంచి కోసి, ఎమరీ పేపరుతో రుద్ది అంచులు పలచన చేయాలి. అది మెలితిరిగితే విమానం ఎగరదు.

బల్ల మీద ఆనించి ఉన్నా ఆయన చేయి వణుకుతోంది. నేను చూడటం ఆయన గమనించారు.

"ముప్ఫయ్యేళ్లు టన్నుల లెక్కన ఇనుము చేశానండి. చేత్తో ఒక్కటి తేలికది చేసి ఎగరేద్దామని కోరిక. ఈ వణుకు పెరుగుతుందే గానీ తగ్గదన్నారండి డాక్టరు గారు. పొద్దున్నే ఓ గంట నిలకడగా ఉంటుంది. వచ్చే ఏడాదికి ఆ గంటా ఉండదేమోనండి."

ఏ ముద్ర ఉన్న అరలోంచి షీటు తీశాను. చేతిలో అది కొంచెం చుట్టుకుంది. చేయి ఆగింది. కన్ను మాత్రం అక్షరం మీదే ఉంది.

"ఇది ఏ రకమండీ?"

"ఏ రకమే."

"అదేనండీ, ఏ రకం అని?"

"అదే కదేటి నానూ సెప్తన్నాను. ఏ రకం! మీద రాసుంది సూడండి."

ఇద్దరం నవ్వుకున్నాం. "కాస్త వంగుతున్నట్టుందండీ," అన్నారాయన.

"మొదటి రకం బాబూ. మెత్తగానే ఉంటాది."

అక్షరం చదివి సరుకివ్వడం నాకదే మొదలు.

మూడు వారాల తర్వాత ఆయన మళ్లీ మెట్లెక్కి వచ్చి, తువ్వాలు చుట్టిన పొట్లం విప్పారు. రెక్క అంచులు రెండూ పైకి లేచి దోనెలా ఉంది.

"మీ మొదటి రకం అప్పడం అయిపోయిందండి," అన్నారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. "రోజుకో గంట, ఇరవై రోజులండి. తడిపాను, బరువులు పెట్టాను. తెల్లారేసరికి మళ్లీ ఇలాగే. నాకింక అన్ని పొద్దులు లేవండి."

"తప్పు నాది బాబూ. నా సెయ్యి వొద్దంది. నాను అక్షరం మాటిన్నాను."

ఆయన కోప్పడలేదు. "మరి అక్షరం అబద్ధం ఎందుకు చెప్తుందండీ? చూద్దాం రండి," అని జేబులోంచి భూతద్దం తీశారు.

ఏ షీటును, సీ షీటును పక్కపక్కన పెట్టి వాటి కొసలు చూశాం. ఏ షీటు కొసన సన్నని గీతలు పరిచిన చాపల్లా పడుకుని ఉన్నాయి. సీ షీటు కొసన అవే గీతలు నిటారుగా నిలబడ్డాయి. పైన చూస్తే నా చేప పొలుసులు! పొలుసు షీట్లన్నీ సీ అరలోనే ఉన్నాయి.

"ఓలమ్మా! వొంజరాన్ని అడ్డంగా కోత్తే ఒకలాగ, నిలువునా సీరితే ఇంకోలాగ. సేప ఒకటే కదేటి!"

కొరియర్ ఆఫీసులో ఉన్న మురళి బాబుకు ఫోన్ చేశాను.

"ఏ అంటే మొదటి రకం కాదేటి బాబూ?"

"కాదక్కా, అది కోత పేరు. ఏ చుట్టడానికి, సీ వంగకుండా నిలబడ్డానికి, బీ మధ్యరకం. ఏటి, ఎవరికైనా ఇచ్చీసావేటి?"

"అయితే మా పంతులమ్మ నాకు సీ ఇచ్చింది నాను వొంగననేమో," అన్నాను. ఈసారి రాజు గారికి నిజంగా నవ్వొచ్చింది.

"నా తప్పూ ఉందండి. బెస్టుది అన్నాను గానీ దేనికి బెస్టో చెప్పలేదు," అన్నారు.

సీ అరలో ఉన్న పదకొండు షీట్లనూ తూచాం. తేలికైన మూడింటిని పెన్సిలు మీద అడ్డంగా నిలబెట్టి, రెండు కొసలూ సమానంగా నిలిచినదాన్ని తీశాం. అందులోనూ ఒక చిక్కుంది. సీ వంగదు, కానీ గట్టిగా నొక్కితే నిలువునా చీలిపోతుంది. వణికే చేతికి అది అపాయం. మళ్లీ తప్పితే ఆయన మొదలుపెట్టరని నాకు అర్థమైంది. రోజూ షాపు తెరిచే ముందు గంట ఇక్కడే రుద్దుకోమన్నాను. నేను షీటును బల్లకు ఆనించి పట్టుకునేదాన్ని, రుద్దడం ఆయనదే. చేయి అదిరితే "ఆగండి" అనేదాన్ని. ఆగేవారు.

పద్దెనిమిదో రోజుకి గ్లైడర్ అయింది. రెక్క బల్ల మీద పెడితే కింద కాగితం దూరలేదు.

గాలి లేని ఒక ఉదయం కాలేజీ మైదానానికి వెళ్లాం. మొదటి విసురు కుడికి వాలి గడ్డిలో పడింది. ఎడమ రెక్క కొసకు చిటికెడు మైనం అంటించి మళ్లీ విసిరారు. అది ఎడమకు తిరుగుతూ లేచింది, కింద పడుతుందనుకున్న చోట ఇంకా లేచింది, నీళ్ల ట్యాంకు దాటి, ప్రహరీ గోడ దాటి వెళ్లిపోయింది. నేను పరిగెత్తబోయాను.

"ఉండండి పోలమ్మ గారూ. వంకర రెక్కయితే ఇక్కడే పడేదండి," అన్నారు రాజు గారు. అది కనబడకుండా పోయాక కూడా చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డారు. తర్వాత వెతికినా దొరకలేదు. ఆయన ఇంకొకటి చేయలేదు.

ఆ మర్నాడు మూడు అరల మీదా తెలుగులో రాసి అంటించాను. ఏ కింద "చుట్టుకునేది", బీ కింద "మధ్యరకం", సీ కింద "వంగనిది, చీలుతుంది జాగ్రత్త" అని. పదాలు చదివినా ఒక్కో షీటును చేత్తో ఆడించే ఇస్తాను. ఎవరైనా వచ్చి బెస్టుది కావాలంటే, దేనికని అడుగుతాను. జవాబు వచ్చేదాకా అరలో చేయి పెట్టను.