నా నవ్వుల కాలమ్, వాళ్ల కబడ్డీ కోర్టు

ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూ కబడ్డీ ఆడాను. మోకాలు పోయాక కబడ్డీ మీద రాయడం మొదలుపెట్టాను. ఊళ్లోని ఒక పేపరు వారం వారం నా కాలమ్ వేసేది. పైన నా బొమ్మ, చెవులదాకా మీసాలు, బయటపెట్టిన పళ్లు. కూతకెళ్లి నిక్కరు చింపుకున్నవాడు, రిఫరీతో తగువుపడి ఆఖరి బస్సు తప్పినవాడు, ఎవణ్ణీ వదల్లేదు. పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలు కొనబోయినా జనం నన్ను చూసి ముందే నవ్వేసేవారు. నిజం చెప్పొద్దూ, నాకది బాగానే ఉండేది.

నాతో ఒకే జట్టులో ఆడిన మత్స్యకారుడు ఒకడున్నాడు. ఒకరినొకరం బావా అనుకుంటాం. తెల్లారి వేటకెళ్లి వస్తాడు, సాయంత్రం తమ పేట ఒడ్డున పిల్లలకు ఆట నేర్పుతాడు. ఆ ఇసుక కోర్టు తప్ప ఆ పిల్లలకు వేరే చోటు లేదు. పోయినేడు దాని చుట్టూ కంచె వేశారు, కార్ల పార్కింగ్ కోసమట. నువ్వు రాస్తే పైవాళ్ల కళ్లు తెరుచుకుంటాయని బావ మా ఇంటికొచ్చి మరీ అడిగాడు.

రాశాను. ఒక్క జోకు లేకుండా, కడుపు మండి రాశాను. ఆదివారం చూస్తే దాన్ని అదే బొమ్మ కింద అచ్చేశారు. ఎడిటర్ని అడిగితే, మీ పేరు చూసి జనం నవ్వుకోడానికే వస్తారండీ అన్నాడు. రోజంతా ఫోన్లే. కంచె వేయించిన ఆఫీసులోని పెద్దాఫీసరు తనే ఫోన్ చేసి, నవ్వీ నవ్వీ పొట్ట చెక్కలైందన్నాడు. మరి కంచె సంగతేమిటని అడిగాను. ఇంకా గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

వానలు వెలిశాక ఇసుక మీద కంకర పోసేశారు. నేను హార్బర్‌కి వెళ్లేసరికి బావ వల బాగుచేసుకుంటున్నాడు. కంకర పోయకముందు పిల్లల్ని వెంటేసుకుని ఆ ఆఫీసుకు వెళ్లాడట. పేపర్లో పడింది మీరేనా అంటూ అక్కడ అందరూ పగలబడి నవ్వారట. ఇంకో పేపరుకి మళ్లీ రాస్తానన్నాను. బావ తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"వద్దు బావా. నువ్వు రాయకుండా ఉంటే, మా మొకాలు సూసి జాలైనా పడుదురు. ఆళ్లు నవ్వుతంటే ఏటి సెయ్యాలో తెలీక మా పిల్లలూ నవ్వేసినారు."