నాలుగో మంచంకోడు

నారాయణగూడలో సమాధుల తోట గోడ వెంబడి పోయే సందులో ఏలియా మేస్త్రి దుకాణం. దుకాణమంటే ఏదో ఊహించుకునేరు. ముందొక రేకుల పంచ, అందులో పనిబల్ల, మూలన మంచంకోళ్లు నున్నగా తిప్పే తరిమెన, వెనక రెండు గదుల ఇల్లు, అంతే. తలుపులు చేసేవాడు, కుర్చీలు బాగుచేసేవాడు. ఎన్ని చేసినా పేటలో అతనికి మిగిలిన పేరు మాత్రం శవప్పెట్టెల మేస్త్రి. పొద్దున్నే ఎదురైతే ఆ రోజు పని చెడుతుందని పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా సైకిల్ వెనక్కి తిప్పేవారు. చదువు మనిషికి చాలా నేర్పుతుంది గానీ ఇలాంటివి మాన్పించదు.

ఏలియాకు ఈ సంగతి తెలుసు. అందుకే ఆఫీసులకూ బడులకూ పోయే జనం పల్చబడేదాకా గడప దాటేవాడు కాదు. అతని భార్య రూతమ్మకు ఒళ్లు మండిపోయేది.

"మనమేమన్న దొంగతనం జేసినమా? ఎవరికి భయపడి ఇంట్ల కూసుంటవ్?"

"భయం కాదే. వాళ్ల నమ్మకం వాళ్లది. పొద్దుగాల్నే ఒకరి మనసెందుకు ఖరాబు చెయ్యాలె? జరసేపు లోపల కూసుంటే నాకు పోయేదేముంది?"

మెదక్ దగ్గరి పల్లెలో పుట్టాడు. తాత కాలంలోనే ఆ వాడంతా యేసును నమ్ముకుంది. ఏలియా ఎవరికీ బోధలు చేసిన పాపాన పోలేదు. పని మొదలుపెట్టే ముందు చెక్క మీద చెయ్యి వేసి కాసేపు కళ్లు మూసుకునేవాడు. శవప్పెట్టెకు బయటిపక్క చిత్రిక పడితే చాలు, లోపల గరుగ్గా ఉన్నా అడిగే నాథుడుండడు. ఏలియా లోపల కూడా నున్నగా పట్టేవాడు. లోపల ఎవడు చూస్తాడని ఎవరైనా నవ్వితే, "పండుకునేటాయన ఉన్నడు గద" అనేవాడు.

అలాంటివాడి దగ్గరికి ఒకాయన మంచం కావాలని వచ్చాడు. శవప్పెట్టెలు చేసే చేతులతో చేసిన మంచం మీద పడుకోవడానికి అప్పటిదాకా పేటలో ఎవరూ సాహసించలేదు. ఆయన పేరు జగన్నాథరావు, కాకినాడవైపు బ్రాహ్మలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఉద్యోగం మీద వచ్చి అశోక్ నగర్‌లో కాపురం పెట్టాడు. రోజూ కూతుర్ని సైకిల్ మీద తెచ్చి నారాయణగూడలో బడికి దింపేవాడు. వెళ్తూ వెళ్తూ పంచ ముందు బ్రేకు వేసి, "ఏం మేస్త్రీ, ఇవాళ కూడా దాక్కున్నావా?" అని కేకేసి నవ్వేవాడు.

"మా ఆవిడ ఒప్పుకోవటం లేదనుకో," అన్నాడు మంచం చెప్పిన రోజు. "ఒప్పించే పూచీ నాది. కోళ్ల పైన తామరమొగ్గ తిప్పు, మా తాతగారి మంచానికి ఉండేది."

ఏలియా ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంబరం. టేకు ముక్కలు ఏరి తెచ్చి నాలుగు కోళ్లూ తిప్పి, నాలుగింటికీ మొగ్గ తీర్చి గోడకు ఆనించాడు. అంత ముద్దొచ్చే పని తన చేతి నుంచి మళ్లీ రాదేమోనని రూతమ్మతో అన్నాడు కూడా.

ఇంతలో అరవైతొమ్మిది వచ్చి పడింది. తెలంగాణ వేరు కావాలని కాలేజీలు బందు, ఆఫీసులు బందు. చిక్కడపల్లి చౌరస్తాలో టైర్లు కాలుతూనే ఉండేవి. ఏలియా కొడుకు తిమోతి పీయూసీ పాసై, ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరిగి తిరిగి, చివరికి ఆ గుంపుల్లో కలిశాడు. మా కొలువులు మాకు కావాలనడంలో తప్పేముందని ఏలియా కూడా అనుకున్నాడు. తప్పు లేదు. కానీ కడుపుమంట ఉన్నవాడి చేతికి ఎదుటివాడి తల అందినప్పుడు ఏమవుతుందో ఆ తండ్రి ఆలోచించలేదు.

ఒకరోజు మధ్యాహ్నం శ్రీపతి వచ్చాడు. చిక్కడపల్లిలో తాతల నాటి నుంచి కిరాణాకొట్టు నడుపుతున్న మనిషి. పంచలోకి వచ్చి నిలబడి, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"మేస్త్రీ, ఒక పెట్టె గావాలె. రైల్ల ఎక్కించాలె, గట్టిగుండాలె. సచ్చిపోయినాయన నీకెరుకే. మంచం చెప్పిన రావుగారు."

ఏలియా చేతిలోని ఉలిని బల్ల మీద పెట్టేశాడు.

"నిన్న చౌరస్తాల గుంపుకు అడ్డం దొరికిండు," అన్నాడు శ్రీపతి. "కాఫీ పొడి కొననీకి వచ్చిండట పాపం. నేనే రిక్షాలేసి దవాఖానకు తీస్కపోయిన. పాణం దక్కలే. తల్లి కాకినాడల మంచం పట్టి ఉన్నది, కడసారి కొడుకు మొఖం చూస్తనంటున్నదట. ఆంధ్రోళ్లకు పెట్టె చేస్తే నిన్ను బతకనియ్యరేమో, ముందే చెప్తున్న."

"చేస్త," అన్నాడు ఏలియా. కొలత మాత్రం తానే తీసుకోవాలి, అది అతని పద్ధతి. దారం చుట్ట జేబులో వేసుకుని శ్రీపతి వెంట అశోక్ నగర్ వెళ్లాడు.

వరండాలో బల్ల కింద, పాత పేపరు మీద, ఒక మంచంకోడు ఉంది. పైన తామరమొగ్గ. మొగ్గకు ఒక పక్క నల్లగా ఎండిపోయిన మరక.

"దీంతోనే కొట్టిండ్రు," అన్నాడు శ్రీపతి గొంతు తగ్గించి. "నేనే తెచ్చిన. ఠాణా నుంచి మనిషొచ్చేదాకా ముట్టొద్దన్నరు."

కన్నబిడ్డను గుర్తుపట్టడానికి ఎవరికైనా ఎంతసేపు పడుతుంది? అది ఏలియా తిప్పిన కోడే. లోపల చాప మీద జగన్నాథరావు, తలకు కట్టు. గోడవారగా ఆయన భార్య రాజ్యలక్ష్మి, ఒళ్లో కూతురు. తలదగ్గర ముసలాయన, జగన్నాథరావు తండ్రి సూర్యనారాయణమూర్తి. హెడ్‌మాస్టరుగా పనిచేసి రిటైరై కొడుకు దగ్గరే ఉంటున్నాడు. ఏలియా వంగి దారం పరిచాడు. కొలత తప్పింది, మళ్లీ తీశాడు.

"నెమ్మదిగా కానివ్వు నాయనా, తొందరేం లేదు," అన్నాడు ముసలాయన.

ఆ మంచి మాట ఏలియాను కోసేసింది. తిట్టి ఉంటే కాస్త ఊపిరాడేది.

ఇంటికి వచ్చి గోడవైపు చూశాడు. మూడు కోళ్లే ఉన్నాయి. తిమోతి వెనక గదిలో గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. జ్వరమని చెప్పి నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు.

"నాలుగోది యాడ ఉన్నది బిడ్డా?"

తిమోతి దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

"నువ్వేనా?"

"నేనే నాయినా."

తలుపు దగ్గర నిలబడ్డ రూతమ్మకు అంతా అర్థమైంది. ఒక్క ఉదుటున వచ్చి మొగుడి కాళ్లు పట్టుకుంది. "ఎవ్వరికి తెల్వదు. ఆ మూడు పొయ్యిల పెడ్త. వాడు మా తమ్ముని కాడికి మెదక్ పోతడు. నీకు దండం పెడ్త, నోరు తెరవకు. ఒక్కడే గదయ్యా మనకు."

ఏలియా ఆమెను లేవదీశాడు. ఒక్కడే. ఉరి పడుతుందో, యావజ్జీవం పడుతుందో. నోరు మూసుకుంటే కొడుకు దక్కుతాడు. ఇన్నేళ్లుగా చర్చిలో తల వంచుకుని పాడిన పాటలన్నీ ఇప్పుడు అడ్డం నిలబడ్డాయి.

"పెట్టె పట్టనీకి ఇంకొక మనిషి గావాలె," అన్నాడు చివరికి. "వాడొస్తడు నాతోని."

ఇద్దరూ కలిసే పెట్టె చేశారు. చెక్క మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంటే ప్రార్థన రాలేదు, సైకిల్ బ్రేకు చప్పుడొకటే వినిపించింది. తిమోతి చెక్కలు పట్టుకున్నాడు, ఏలియా మేకులు కొట్టాడు. సందుల్లో లప్పం పూశాడు. లోపల చిత్రిక పట్టాడు, మామూలుకంటే ఎక్కువసేపు పట్టాడు. తిమోతి అది చూడలేక మొహం తిప్పుకున్నాడు.

సాయంత్రం కర్ఫ్యూ సడలించగానే ఖాళీ పెట్టెను చెరో చివర భుజానికెత్తుకుని బయల్దేరారు. చిక్కడపల్లి చౌరస్తాలో తిమోతి దోస్తులు నిలబడి ఉన్నారు. ఒకడు ముందుకొచ్చి, "ఎవరికిరా తిమోతి, పెట్టె?" అన్నాడు. తిమోతి తల దించుకుని నడిచాడు. పెట్టె బరువు ఆ చివరన ఉన్నట్టుండి పెరిగినట్టు ఏలియాకు తెలిసింది.

పెట్టెను వరండాలో దించారు. సూర్యనారాయణమూర్తి బయటికి వచ్చి చూసి, అలాగే ఆగిపోయాడు. మూత మీద తెల్లపట్టీతో సిలువ ఉంది. ఎన్నో ఏళ్లుగా ప్రతి మూతకూ కొట్టే సిలువ. ఇది ఎవరి పెట్టో మరిచి చేతులు తమ పని తాము చేసుకుపోయాయి.

రాజ్యలక్ష్మి గుమ్మంలోంచి చూసి పెద్దగా ఏడ్చింది. "చంపింది చాలక ఇదొకటా మావయ్యగారూ? అత్తయ్యగారు దీన్ని చూడాలా?"

"తీసేస్తనమ్మా, తప్పయింది," అని ఏలియా కూలబడి పట్టీ పీకడం మొదలుపెట్టాడు. మేకులు ఒక పట్టాన రాలేదు. వచ్చినచోటల్లా చెక్క మీద చిల్లు మిగిలింది.

"ఏమిటి మేస్త్రీ ఇది?" అన్నాడు ముసలాయన. కోపం కంటే అలసట ఎక్కువ ఉంది ఆ గొంతులో. "మావాడు నీ పనితనం గురించి ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో. ఇంత పొరపాటు ఎలా చేశావు? మనసు ఎక్కడ పెట్టావు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఒంట్లో బాగాలేదనొచ్చు. ఏలియా కొడుకు వైపు చూశాడు. తిమోతి పెట్టె అంచు పట్టుకుని బల్ల కిందికే చూస్తున్నాడు.

"మనసు ఆ కోడు మీద ఉన్నదయ్యా," అన్నాడు ఏలియా. "అది నేను మీ అబ్బాయిగారి మంచానికి చేసిన కోడు. నా కొడుకు తీస్కపోయిండు. వీడే."

రాజ్యలక్ష్మి ఏడుపు ఆగిపోయింది. సూర్యనారాయణమూర్తి గోడ పట్టుకుని మెల్లగా బల్ల మీద కూర్చున్నాడు. కొడతాడేమో, కేకలు వేసి నలుగుర్నీ పిలుస్తాడేమో అని ఏలియా ఎదురుచూశాడు. కొట్టాలనే కోరుకున్నాడు.

ముసలాయన తిమోతిని అడిగింది ఒక్కటే. "మావాడు ఏమన్నా అన్నాడా బాబూ?"

తిమోతి పెట్టె అంచు వదిలేశాడు. "ఏమనలేదు సార్. మావోళ్లు సైకిల్ ఆపిండ్రు. నన్ను చూసి నవ్విండు. మేస్త్రి కొడుకునని గుర్తుపట్టిండు. తెలిసినోడు ఉన్నడని ధైర్యమొచ్చినట్టున్నది. అందరు నా దిక్కు చూసిండ్రు, నీకు దోస్తా వీడు అన్నరు. గంతే సార్. కొట్టిన."

"నవ్వాడా," అన్నాడు ముసలాయన. "వాడంతే. చిన్నప్పటి నుంచీ అంతే."

లేచి నిలబడటానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"నువ్వు చెప్పేసి తేలికపడ్డావు మేస్త్రీ. ఈ పెట్టెతోపాటు ఇది కూడా నేనిప్పుడు కాకినాడదాకా మొయ్యాలి. వాళ్లమ్మకు ఏం చెప్పను? నేను ఠాణాకు వెళ్లను, కేసులూ కోర్టులూ తిరిగే ఓపిక నాకు లేదు. ఆపైన మీ ఇష్టం. మావాణ్ణి పడుకోబెట్టి మూత బిగించండి, రైలు వేళవుతోంది."

ఏలియాకు మొహం మీద కొట్టినట్టయింది. తేలికపడ్డమాట నిజమే. అదే అతనికి అన్నిటికంటే సిగ్గనిపించింది. మూత బిగిస్తుంటే ఒక్కో మేకు దెబ్బకూ ఇంట్లోంచి రావుగారి పాప ఉలిక్కిపడి ఏడవడం వినిపించింది.

వీధిలోకి వచ్చాక తిమోతి ఇంటివైపు తిరగలేదు. "ఠాణా దాకా తోడు రా నాయినా, ఒక్కన్ని పోలేను," అన్నాడు. చిన్నప్పుడు సమాధుల తోట పక్కన నడవడానికి భయపడి పట్టుకున్నట్టే తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. ఠాణా మెట్ల దగ్గర వదిలాడు.

తిమోతికి యావజ్జీవం పడింది. ఉద్యమం చల్లారాక జైళ్ల నుంచి వచ్చినవాళ్లకు పేటలో దండలు వేశారు. వాళ్లలో తిమోతి లేడు. ఆంధ్రవాడి కోసం కన్నకొడుకును పట్టించాడని కొందరు ఏలియా పంచ ముందు ఉమ్మి పోయేవారు. హంతకుడి తండ్రి అని మరికొందరు మొహం తిప్పుకునేవారు. మంచంకోళ్లు మూడూ గోడకే ఉండిపోయాయి.

కానీ వీటన్నిటికంటే కొడుకును ఠాణా మెట్ల దగ్గర వదిలిన ఆ సాయంత్రమే ఏలియాను తినేసింది. ఒంటరిగా ఇంటికి వచ్చేసరికి రూతమ్మ కొడుక్కి కంచం పెట్టి కూర్చుని ఉంది. వెనక ఎవరూ రాకపోవడం చూసింది. ఏడవలేదు.

"దేవుడు గూడ తన కొడుకునిచ్చిండని చెప్తవ్ గావచ్చు నాకు," అంది. "ఆయన కొడుకు మూడో దినమే సమాధిలకెల్లి తిరిగొచ్చిండు. నా కొడుకు ఎన్నడొస్తడో చెప్పు."

రూతమ్మ కంచంలో అన్నం తీసి కుండలో వేసి, కంచం కడిగి బోర్లించింది. ఆ ప్రశ్న ఆమె మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అసలు అతనితో పెద్దగా మాట్లాడటమే మానేసింది. అడిగినా బాగుండేదని, పెట్టెల లోపల చిత్రిక పడుతూ ఏలియా అనుకునేవాడు.