తప్పు చేయనివాణ్ణి క్షమించాను

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నట్టు మొన్నటిదాకా ఎవరికీ తెలియనివ్వలేదు. ఇంట్లో నా భార్యకి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను ఎరగరు. నా పేరు రాయను. రాస్తే మళ్ళీ ఏదో ఒక మంచి మాట నా పేరు పక్కన చేర్చుకోవాలనిపిస్తుంది. నా బుద్ధి నాకు తెలుసు.

నేను భిలాయి ఉక్కు ప్లాంటులో ఖలాసీగా చేరాను. బరువైన సామానుకి ఉక్కు తాళ్ళు తగిలించి, పైన క్యాబిన్లో ఉన్న క్రేన్ డ్రైవరుకి చేత్తో సైగ చేసేవాణ్ణి ఖలాసీ అంటారు. షాపులో, అంటే మేం పనిచేసే పెద్ద షెడ్డులో, చప్పుడుకి మాట వినపడదు. ఖలాసీ చెయ్యి తల మీదికి ఎత్తితేనే క్రేన్ బరువు ఎత్తాలి. ఎత్తకపోతే కదలకూడదు. అంతే రూలు. అందులో అర్థం కానిదేమీ లేదు.

క్రేన్ నడిపేవాడు మా చర్చి సంఘం వాడే. విజయనగరం వైపు మనిషి. నాకన్నా చిన్నవాడు. రక్తసంబంధం లేకపోయినా నేను తమ్ముడూ అనేవాణ్ణి, అతను అన్నయ్యా అనేవాడు. ఇక్కడ కూడా తమ్ముడనే రాస్తాను. ఆ మాటకు నేను తగనని తెలుసు. అయినా వేరే పేరుతో రాయడానికి చెయ్యి రావడం లేదు.

అవి శ్రమకాలపు రోజులు. ఈస్టరుకి ముందు నలభై రోజులూ మావాళ్ళు ఉపవాసాలు ఉంటారు, రోజుకొక ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంటారు. ఆ రోజు కూటం మా క్వార్టర్లోనే. వాక్యం చెప్పేది నేనే. నాకు మాట్లాడటమంటే సరదా. మైకు కనిపిస్తే గొంతు సవరించుకునే రకం. పొద్దున్నించి పని మీద కన్నా సాయంత్రం చెప్పబోయే ప్రసంగం మీదే ధ్యాస. షిఫ్టు అయిపోవస్తోంది. ఒక పెద్ద రోలరు ఎత్తి పక్కన పెట్టించాలి. దానికి రెండు తాళ్ళు వేయాలి. ఒక్కటే వేశాను. రెండోది తేవాలంటే షాపు ఆ చివరికి వెళ్ళాలి. ఇంతలో ఏమవుతుందిలే అనుకున్నాను. దేవుడి పని మీద తొందరలో ఉన్నాను, ఆయనే చూసుకుంటాడని కూడా అనుకున్నాను. నవ్వకండి. సరిగ్గా అలాగే అనుకున్నాను.

చెయ్యెత్తాను.

రోలరు లేచింది, ఒక పక్కకి వాలింది, జారింది. నా ఎడమ పాదం ముందు భాగం దాని కిందే పోయింది.

ఆస్పత్రిలో స్పృహ వచ్చాక ఒక ఆఫీసరు వచ్చి అడిగాడు. ఒక్క తాడే ఎందుకుందన్నాడు. ఆ క్షణం నాకు నొప్పి కన్నా భయం ఎక్కువగా ఉంది. కొత్తగా నన్ను సంఘ పెద్దగా ఎన్నుకున్నారు. షాపులో జాగ్రత్త గురించి పదిమందికి పాఠాలు చెప్పేది కూడా నేనే. నా నోటి నుంచి మాట ఎంత నున్నగా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యం. రెండో తాడు తేవడానికి తిరుగుతున్నాను సార్, ఈలోపే ఎత్తేశాడు, నేను సైగ చేయలేదు అన్నాను. అబద్ధమాడాలని ముందే అనుకున్నానా? లేదు. అనుకోకుండానే అంత అందంగా ఎలా అల్లాను? నాలో అలాంటి మనిషి ముందునించే ఉన్నాడేమో, ఆ రోజు అతనికి పని పడిందేమో.

మర్నాడు తమ్ముడు వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నా కట్టు వైపు చూశాడు.

"అన్నయ్యా, ఏటనుకోకు. ఒకటడుగుతాను. నువ్వు సెయ్యెత్తలేదా?"

"లేదు తమ్ముడూ."

"నాకు ఎత్తినట్టే అగుపించింది."

"లేదు."

అతను కళ్ళు నులుముకున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. కాదు, నిజంగానే కళ్ళు నులుముకుంటున్నాడు.

"అయితే నా కళ్ళే మోసం సేసేయి. పొద్దుట్నుంచీ ఉపాసం కదా, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కళ్ళు తిరిగుంటాయి. గల్తీ నాదే. నువ్వు అబద్దం ఆడవు గదా అన్నయ్యా."

అప్పుడు చెప్పి ఉండొచ్చు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఒక్క మాట చాలు. నేనేం చేశానో తెలుసా? అతని చెయ్యి పట్టుకుని, నిన్ను క్షమించాను తమ్ముడూ అన్నాను.

అతన్ని క్రేన్ నించి దింపేశారు. మళ్ళీ ఎక్కనివ్వలేదు. స్టోరులో సామాన్లు అందించే పనిలో పెట్టారు, రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాడు. అతనికి ఆ క్యాబిన్ అంటే ప్రాణం. అంత ఎత్తున కూర్చుని పాటలు పాడుకుంటే దేవుడికి తప్ప ఎవరికీ వినపడదని అనేవాడు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ముందు, ఒకరి మీద ఒకరికి ఏదైనా ఉంటే ముందుకు వచ్చి సమాధానపడాలి. నేను చంకలో కర్రలతో గుడికి వెళ్ళిన మొదటి ఆదివారమే తమ్ముడు లేచి ముందుకు వచ్చి మోకాళ్ళూనాడు. తన ఉపవాసం వల్ల, తన పరాకు వల్ల అన్నయ్య కాలు పోయిందని అందరి ముందూ ఏడ్చాడు. నేను కుంటుకుంటూ వెళ్ళి అతన్ని లేవనెత్తి కౌగిలించుకున్నాను. గుడి గుడంతా స్తోత్రం అంది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. నాకూ కన్నీళ్ళు వచ్చాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు, అదే నాకు ఇప్పుడు భయం. ఆ నిమిషంలో నేను నిజంగానే క్షమిస్తున్నట్టు అనిపించింది.

అప్పట్నించి గుడ్ ఫ్రైడే రోజు మొదటి మాట నాదే. మీలో తెలియనివాళ్ళుంటే చెబుతాను. ఆ మధ్యాహ్నం మూడు గంటలసేపు ఆరాధన జరుగుతుంది. యేసు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. తనని కొట్టినవాళ్ళని క్షమించమని ఆయన తండ్రిని అడిగిన మాటే మొదటిది. దాన్ని నాకు తప్ప ఇంకెవరికీ ఇచ్చేవారు కాదు. నేను కుంటుకుంటూ మైకు దగ్గరికి వెళ్తుంటేనే సగం ప్రసంగం అయిపోయేది. తెలుగు సరిగా రాని పిల్లలు కూడా అంకుల్ కా పైర్, అంకుల్ కాలు చూడు, అని గుసగుసలాడేవారు.

నా మాట విని కలిసిన వాళ్ళున్నారు. పక్కనే ఉన్న రిసాలి బస్తీలో ఇంటి గోడ దగ్గర తగవుపడి మాటల్లేకుండా పోయిన అన్నదమ్ములు నా సాక్ష్యం విన్నాక ఒకరింటికి ఒకరు వెళ్ళారు. అబద్ధం మీద నిలబడి చెప్పిన మాటకి ఆ ఫలం ఎలా వచ్చింది? దేవుడు నన్ను కూడా వాడుకున్నాడనుకుని చాలాకాలం సరిపెట్టుకున్నాను. ఆయన వాడుకున్నాడేమో. అంతమాత్రాన నేను ఆయన మనిషినైపోతానా?

ఇంకో మాట. నేను దేవుడి దగ్గర ఒప్పుకోలేదని కాదు. ఎన్నిసార్లో ఒప్పుకున్నాను. తెల్లవారుజామున మోకాళ్ళ మీద ఏడ్చాను. ఆయన క్షమించాడని నన్ను నేను నమ్మించుకుని లేచి టీ తాగాను. దేవుడి దగ్గర ఒప్పుకోవడం సులువండీ. ఆయనకి ముందే తెలుసు. ఆయన మరోదాలో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్ళి చెప్పడు.

తమ్ముడు మళ్ళీ ఉపవాసం ఉండలేదు. శ్రమకాలంలో అందరూ పస్తులుంటే అతనొక్కడూ మధ్యాహ్నం ఓ పక్కకి పోయి తలదించుకుని రెండు రొట్టెలు తినేవాడు. నేను ఉపాసం ఉంటే ఎవరికో ఒకరికి ముప్పు అనేవాడు. స్కూటరు అమ్మేశాడు. గ్యాసు కట్టేశానా, తాళం వేశానా, ప్లగ్గు తీశానా అని ప్రతిదీ భార్యతో చూపించుకునేవాడు. సంఘంలో అందరూ అతన్ని ఆట పట్టించేవారు. నేనూ నవ్వేవాణ్ణి. తన కళ్ళతో చూసింది తనే నమ్మలేని మనిషిగా అతన్ని చేసింది నేనే. తెలిసే నవ్వాను.

ఈ ఏడాది అతని కూతురి బిడ్డని గుడిలో దేవుడికి ప్రతిష్ఠ చేశారు. తాతగారు చంటిబిడ్డని ఎత్తుకుని వెళ్ళి పాస్టరుగారి చేతుల్లో పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. ముందు వరసలో తమ్ముడు లేచాడు. బిడ్డని అందుకోబోయి ఆగిపోయాడు. రెండు మెట్లున్నాయి అక్కడ.

"వద్దమ్మా. నా సేతుల్లో వద్దు. నా కళ్ళకి నమ్మకం లేదు. అన్నయ్య తీసుకెళ్తాడు."

కూతురు బతిమాలింది. అతను వినలేదు. ఆ పసిదాన్ని తెచ్చి నా చేతుల్లో పెట్టారు. పాలవాసన. నిద్రలో ఉంది. నేను, ఆ కాలితో, ఆ రెండు మెట్లూ ఎక్కాను. వెనక్కి చూస్తే తమ్ముడు నిశ్చింతగా నవ్వుతున్నాడు. తన మనవరాలు భద్రమైన చేతుల్లో ఉందని అతని నమ్మకం. నాకు సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది. ఇంతకన్నా ముందే ఎందుకు కాలిపోలేదో నాకు తెలియదు.

గుడ్ ఫ్రైడే వచ్చింది. మొదటి మాటకి నన్ను పిలిచారు. మైకు దగ్గరికి వెళ్ళాను. ఈ మాట నేను చెప్పకూడదు అని మాత్రం అని దిగిపోయాను. ఎండదెబ్బ అనుకుని మంచినీళ్ళు తెచ్చారు. తాగాను. చూశారా, అప్పుడు కూడా ఎండ మీదికి నెట్టేశాను.

శనివారం పొద్దున్నే మరోదా వెళ్ళాను. తమ్ముడు వరండాలో కూలరు విప్పి కొత్త గడ్డి పరుస్తున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. ఎలా ఉంది ఒంట్లో అని అడిగాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే మాట్లాడటం మొదలుపెడతానని, మాట్లాడితే ఎక్కడికో తిప్పుకుపోతానని భయం. నిలబడే చెప్పాను. తమ్ముడూ, ఆ రోజు నేను చెయ్యెత్తాను.

అతను అర్థం కానట్టు చూశాడు.

"ఎత్తేవా?"

"ఎత్తాను. తల మీదికి."

అతను చేతిలో గడ్డి కింద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. లోపలికి తిరిగి భార్యని పిలిచాడు.

"మేరీ, ఇలా రా. నాను సూసింది నిజమేనట. అన్నయ్య సెయ్యెత్తేడట."

ఆ గొంతులో ఉన్నది కోపం కాదు. పోయిన మనిషి తిరిగొచ్చాడని ఇంట్లోవాళ్ళకి చెబుతున్నట్టుంది. రెండోసారి కూడా అదే అన్నాడు, నాను సూసింది నిజమేనట అని. తర్వాత నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. మరదలు గుమ్మంలో నిలబడింది.

"బావగారూ, మీ కాలు కోసం ఆయన రోజూ ప్రార్థన సేస్తారు. రోజూ సేస్తారండి."

అంతే. ఆమె కూడా లోపలికి వెళ్ళింది. నన్ను క్షమించమని అడగాలని వెళ్ళాను. అడగలేదు. అతని దగ్గర అప్పటికే చాలా తీసుకున్నాను, ఇంకా అది కూడా కావాలని చెయ్యి చాపడానికి మొహం చెల్లలేదు.

ఈస్టరు ఆదివారం సంఘం ముందు అంతా చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. పెద్దరికం వదులుకున్నాను. రొట్టె, ద్రాక్షారసం దగ్గరికి వెళ్ళడం లేదు. నా భార్య నాతో వండిపెట్టేంతవరకే మాట్లాడుతోంది. ఆ మర్నాడు ప్లాంటు ఆఫీసుకి కూడా వెళ్ళాను. అక్కడ ఇప్పుడున్నవాళ్ళంతా కుర్రవాళ్ళు. పాత సంగతి కదా అంకుల్, అన్నారు. పాతదే. తమ్ముడికి మాత్రం మొన్నటిదాకా రోజూ కొత్తదే.

తమ్ముడు ఆ ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నాకు ఫోను చేయలేదు. చేస్తాడో లేదో తెలియదు. క్షమించడం గురించి ఇన్నేళ్ళు మైకులో అంత తేలిగ్గా మాట్లాడానే, అది ఎంత కష్టమో నాకిప్పుడు గానీ తెలియలేదు. అతనికి ఎంతకాలం పడితే అంతకాలం పట్టనీ. రాకపోతే రాకపోనీ. తొందరపెట్టే హక్కు నాకు లేదు.

బరువు దిగిందా అని మీరడిగితే, లేదు. కానీ ఇప్పుడది నా దగ్గరుంది. ఇన్నాళ్ళూ అతనితో మోయించాను. 

ఆ రోజు నేను చెయ్యెత్తాను. అతను సరిగ్గానే చూశాడు.