నాలుగు నూళ్ల నట్టు, పావు పానా

గురువారం సాయంత్రం టైలరమ్మ కత్తెర చప్పుడు మారింది. మామూలుగా అది కరకరమంటూ సాఫీగా సాగిపోతుంది. కోపం వచ్చినప్పుడు మాత్రం టక్కు టక్కుమని ఆగి ఆగి నడుస్తుంది. దుకాణం వెనక గదిలో ప్రూఫులు దిద్దుకుంటున్న భర్త ఆ తేడా విని కలం పక్కన పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్న విద్యల్లో ఇది ముఖ్యమైనది.

“దొరసానికేమన్నా అయిందా?” అన్నాడు.

“దొరసానికి కాదు. మేస్త్రి బాబాయ్ కార్ల రిపేరు షెడ్డు మూసేస్తున్నాడట. ఆ పానాల పెట్టెను పాత కార్లు పోగేసే పళ్ల డాక్టరు అడుగుతున్నాడట. అద్దాల చట్రంలో బిగించి ఆస్పత్రి గోడకి తగిలిస్తాడట. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లు చూసి ఆనందించాలి కాబోలు.”

దొరసాని అంటే మనిషి కాదు, కారు. డెబ్బై అయిదేళ్ల నాటి బ్రిటిష్ కారు. గుండ్రటి దీపాలు, రెండే తలుపులు, లేత ఆకుపచ్చ రంగు. టైలరమ్మ దాన్ని మొదటిసారి చూసింది ఒక పెద్ద ఇంటి షెడ్డులో. ఆ ఇంటివాళ్లు కారుకి ముసుగు కుట్టమంటే కొలతలకి వెళ్లింది. టేపు పట్టుకుని బానెట్ మీద నుంచి, పైకప్పు మీదుగా, వెనక్కి జారి బంపరు దాకా కొలిచేసరికి ఆవిడ పని అయిపోయింది. ఎంతోమంది ఒళ్లు కొలిచిన చెయ్యి, ఇంత చక్కటి భుజాలు ఎక్కడా చూడలేదు. ఇంటికొచ్చి ముసుగు కుట్టిందేగాని, మనసంతా ముసుగు కిందే ఉండిపోయింది. నాలుగేళ్ల తర్వాత ఆ ఇల్లు అమ్ముడుపోతుంటే, పాత ఇనుము వాడు ఇస్తానన్న ధరే తనూ ఇచ్చి కారును తోయించుకుంటూ తెచ్చుకుంది. వీధంతా నవ్వింది. నవ్వనీ, నవ్వితే అరిగిపోయేదేముంది.

అక్కణ్నుంచి మొదలైంది అసలు సరదా. సీట్లకి బడి యూనిఫాం గుడ్డ ముక్కలు. ఊడిపోయిన చోక్ పిడి బదులు ఓవర్‌కోటు బొత్తాం. కార్బురేటర్ లోపల ఆ చిన్న పిస్టన్‌కి పలచటి నూనె పోయాలంటే, కుట్టుమిషను నూనె ఉండనే ఉంది. కిటికీ రబ్బరు దొరక్కపోతే ప్రెషర్ కుక్కర్ రింగు కోసి పెట్టింది. విడిభాగం కొనాల్సి వచ్చినప్పుడల్లా ముందు తన బొత్తాల డబ్బా వెతకడం ఆవిడకి అలవాటైపోయింది. ఆదివారాలు పొద్దున్నే భర్తను వెనక సీట్లో, నీళ్ల బిందెను ఆయన ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊరి చివరి దాకా వెళ్లొచ్చేది. బిందె దొరసానికి దాహం వేస్తే పోయడానికి. ఆయన ఒక్కసారీ ముందు సీటు అడగలేదు.

ఒక్క పానాల దగ్గరే ఆవిడ పప్పులు ఉడకలేదు. ఇప్పటి పానాలన్నీ మిల్లీమీటర్లవి. దొరసాని నట్లు అంగుళాలవి. అలాంటి పానాల పెట్టె ఊరంతటికీ మేస్త్రి దగ్గర ఒకటే ఉంది. ఆయన దాన్ని ఎవరికీ ఎరువు ఇవ్వడు. పిలిస్తే తనే జేబులో ఒకటో రెండో వేసుకుని వచ్చి, నట్టు విప్పి, పని కాగానే బిగించి, మళ్లీ జేబులో వేసుకుని పోతాడు. పదేళ్లుగా ఇదే వరస. ఈమధ్య మోకాళ్లు పట్టేసి రావడమే మానేశాడు. సరిగ్గా అప్పుడే దొరసాని వాటర్ పంపు కారడం మొదలుపెట్టింది. ఓపిక నశించి టైలరమ్మ పధ్నాలుగు నంబరు మిల్లీమీటరు పానా తగిలించి బలంగా తిప్పింది. ఒక నట్టు మూలలు నున్నగా అరిగిపోయాయి. ఆ పెట్టె గోడకెక్కితే దొరసాని ఇక ముసుగు కింద పడుకోవాల్సిందే.

శుక్రవారం షట్టరు తీయకుండానే మేస్త్రి షెడ్డుకి వెళ్లింది. ఆయన స్టూలు మీద కూర్చుని మోకాళ్లకి ఏదో తైలం రాసుకుంటున్నాడు.

“పానాలు నాకు కావాలి బాబాయ్.”

“డాక్టరు గారూ అడిగారు, నువ్వూ అడుగుతున్నావు. ఎవరికి కాదన్నా రెండోవాళ్లు మొహం చూపించరు. సోమవారం నేను మా అమ్మాయి వాళ్ల ఊరెళ్లిపోతున్నాను. ఆదివారం పది గంటలకి ఇద్దరూ రండి. బండి తన కాళ్ల మీద తను నడిచి రావాలి. వచ్చాక నేనొక నట్టు చూపిస్తాను. దానికి ఏ పానా పడుతుందో మొదటి మాటకే చెప్పాలి. రెండూ చేసినవాళ్లదే పెట్టె.”

“బండి నడవాలంటే పంపు విప్పాలి. పంపు విప్పాలంటే ఆ పెట్టె కావాలి కదా.”

మేస్త్రి కాసేపు ఆలోచించాడు. “అదీ నిజమేనమ్మాయ్,” అని ఒప్పుకున్నాడు. “ఆదివారం పదింటికి.”

ఇలాంటి మనిషిని ఏమనాలి? టైలరమ్మ దారి పొడుగునా పళ్లు కొరుక్కుంటూ నడిచింది. ఇంటికొచ్చి బానెట్ ఎత్తి పంపు ముందు కూర్చుంది. పదమూడు నంబరు పానా ఎక్కదు. పధ్నాలుగు ఎక్కి జారుతుంది. మధ్యలో ఉన్న సందు ఎంతో గోటితో చూసింది. అట్ట మందం కంటే ఎక్కువ, రూపాయి బిళ్ల కంటే తక్కువ. ఈ మందం తనకి బాగా తెలిసినదే, రోజూ చేతికి తగిలేదే. ఎక్కడ, ఎక్కడ అనుకుంటూ చటుక్కున లేచి దుకాణంలోకి పరుగెత్తింది.

“ఏవండీ, ప్యాంటు హుక్కుల డబ్బా ఏదీ?”

“ఇప్పుడెవరికి ప్యాంటు?” అన్నాడాయన, డబ్బా అందిస్తూనే.

ప్యాంటు నడుముకి కుట్టే హుక్కుంటుంది చూడండి, ఆ చదునైన ఇనప రేకు. దాని కొక్కెం విరిచేసి, రేకును పానాకీ నట్టుకీ మధ్య దూర్చింది. బిగుసుకుంది. రెండు చేతులా తిప్పింది. నట్టు కిర్రుమంది. మరో తిప్పుకి నట్టు కదిలి వదులైంది. మూడు నట్లు అలాగే వచ్చాయి. మూలలు అరిగిన నాలుగోదాన్ని ఆకురాయితో రుద్ది రుద్ది పదమూడు పానాకి సరిపెట్టింది. పంపు లోపలేమీ పాడవలేదు. మధ్యనుండే అట్ట ఒక్కటే కుళ్లి ముక్కలైంది. అట్ట కోయడం ఆవిడకి కొత్తా? కాలరు పాట్రన్ వేసే దళసరి కాగితం తీసి, సుద్దతో గీసి, కత్తిరించి, గ్రీజు పూసి అతికించింది. శనివారం మధ్యాహ్నానికి దొరసాని దడదడలాడుతూ నిలబడింది. కింద ఒక్క చుక్క పడలేదు. టైలరమ్మ నేలమీద చెంప ఆనించి మరీ చూసింది. ఆ పూట ఆవిడ కాళ్లు నేల మీద నిలవలేదు. పిలిచి మరీ భర్తకు పొడి నేల చూపించింది.

“అచ్చుతప్పు ఒక్కటీ లేదోయ్,” అన్నాడాయన. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు రాదు.

ఆదివారం పదికి అయిదు నిమిషాలుండగా దొరసాని తన కాళ్ల మీద తను షెడ్డు ముందుకొచ్చి ఆగింది. డాక్టరు గారి కారు అప్పటికే వచ్చి ఉంది. అద్దంలా మెరుస్తోంది. కాకపోతే లారీ మీద ఉంది.

మేస్త్రి బల్ల మీద ఒక నట్టు పెట్టాడు. ఇద్దరూ వేరువేరుగా రాసివ్వాలన్నాడు. డాక్టరు మందుల చీటీ మీద టకటకా రాసేశాడు. టైలరమ్మ నట్టును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది. నూలు అంటే టైలర్లకి అంగుళంలో ఎనిమిదో వంతు, ఆవిడ వేళ్లకి టేపు అక్కర్లేదు. నాలుగు నూళ్లు, వెంట్రుకవాసి ఎక్కువ. నాలుగు నూళ్లంటే అరంగుళం. సుద్దతో బల్ల మీదే ‘అర’ అని రాసింది. పదేళ్లుగా ఆ పానాలు తిరుగుతుంటే చూసిందేగాని, వాటి మీద అంకెలు చదివే అవకాశం ఎన్నడూ రాలేదు పాపం.

మేస్త్రి పెట్టెలోంచి అర అని రాసి ఉన్న పానా తీశాడు. దాని నోరు దాదాపు అంగుళం ఉంది. అందులో నట్టు పిల్ల చేతికి తల్లి గాజు తొడిగినట్టు గలగలలాడింది. ఆ తర్వాత పావు అని రాసి ఉన్నది తీశాడు. ఇట్టే కూర్చుంది. డాక్టరు చీటీ మీద ఉన్నది పావే. టైలరమ్మ మొహం పాలిపోయింది. రెండు రోజుల చాకిరీ, ప్యాంటు హుక్కులు, పొడి నేల, అన్నీ ఒక్క మాటతో కొట్టుకుపోయాయి. అయ్యో, ఇంత దూరం వచ్చి ఇలాగా అనుకుంటూ భర్త బిందె కిందపెట్టాడు.

“పెట్టె నాదేనన్నమాట,” అన్నాడు డాక్టరు.

“మీ మాటే కరెక్టు డాక్టరు గారూ,” అన్నాడు మేస్త్రి. “కానీ బండి నడిచి రాలేదు.”

“లారీ మీద వచ్చినా కారు కారే కదా.”

“అయితే పానాలు కూడా లారీవే వాడుకోండి,” అని మేస్త్రి పెట్టె మూత వేసేశాడు. “ఇద్దరూ ఓడారు. పెట్టె నాతోనే వస్తుంది.”

కథ అక్కడితో అయిపోవాలి. టైలరమ్మ మాత్రం కదల్లేదు. ఓడినందుకు బాధ ఉంది, నిజమే. అంతకు మించి, కొలత తప్పిందంటే ఆవిడకి మింగుడుపడటం లేదు. ముప్పయ్యేళ్లలో ఆవిడ వేళ్లు తప్పు చెప్పలేదు.

“పెట్టె సంగతి అలా ఉంచండి బాబాయ్. ఈ నట్టు నాలుగు నూళ్ల పైనే ఉంది. దీనికి పట్టే పానా మీద పావు అని ఎందుకు రాశారు? అది అబద్ధం కదా.”

మేస్త్రి నవ్వాడు. “నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడూ ఇక్కడే పడ్డాడమ్మాయ్. ఆ అంకె నట్టుది కాదు. నట్టులో దూరే బోల్టుది. బోల్టు ఒళ్లు పావంగుళం. అందుకని దాని పానా కూడా పావే. పైన తల ఎంత లావుంటే ఏం?”

టైలరమ్మ ఆయన వంక చూసింది, నట్టు వంక చూసింది. మొహం విప్పారింది. “అంతేనా? మాదీ అదే లెక్క కదా బాబాయ్. నలభై సైజు చొక్కా అంటే గుడ్డ నలభై కాదు. గుడ్డ కొలిస్తే నలభై నాలుగుంటుంది. నలభై అనేది లోపలి మనిషిది. మీ పానా పేరు కూడా లోపలి మనిషిదే.”

మేస్త్రి లేచి, మోకాళ్లు మర్చిపోయి, మూల ఉన్న డబ్బా తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. వందల నట్లు. ఒకటి తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. టైలరమ్మ కళ్లు మూసుకుని చిటికెన వేలి కొన కన్నంలో పెట్టి చూసింది. “మూడు నూళ్లు.” మేస్త్రి మూడు నూళ్ల పానా తొడిగాడు. సరిపోయింది. ఇంకోటి. “రెండున్నర.” అదీ సరిపోయింది. “పావు. మళ్లీ పావు. ఇది అర.” వేళ్లు మిషను మీద గుడ్డ జారినట్టు జారిపోతున్నాయి. డాక్టరు ఎప్పుడు కోటు విప్పాడో విప్పాడు, నట్లు తనే ఏరి అందిస్తున్నాడు. ఒకటి అందించేలోగా మరొకటి వెతుకుతున్నాడు. “ఇది చెప్పండి, ఇది చెప్పలేరు,” అంటున్నాడు. ఆవిడ అదీ చెప్పింది. భర్త వేళ్ల మీద లెక్కపెడుతూ ఇరవై మూడు దగ్గర లెక్క తప్పాడు. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు.

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. “యాభై ఏళ్లుగా చెప్తున్నాను ఈ సంగతి. లోపలి మనిషి అని ఒక్క మాటలో చెప్పడం నాకే తట్టలేదు. తీసుకో అమ్మాయ్,” అని పెట్టె ఆవిడ ముందుకు తోశాడు.

టైలరమ్మకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఆపుకోవాలని చూడలేదు. డాక్టరు గొంతు సవరించుకుని, తన నాలుగు కార్లనీ కూడా ఎప్పుడైనా నడిచేలా చెయ్యగలదా అని మెల్లగా అడిగాడు. ఏనాడూ రోడ్డెక్కని బళ్లకి ముందు సిగ్గు పోగొట్టాలని ఆవిడ చెప్పింది.

“రేపు బస్సెందుకు బాబాయ్,” అంది తర్వాత. “మీ అమ్మాయి దగ్గర ఇప్పుడే దింపి వస్తాం. మీరే నడపండి.”

మేస్త్రి వద్దన్నాడు, కాదన్నాడు, అర నిమిషం కూడా కాకముందే స్టీరింగు ముందు కూర్చున్నాడు. టైలరమ్మ పక్కన. పెట్టె, ఆయన ట్రంకు, బిందె, భర్త వెనక. దొరసాని వీధిలోకి వచ్చింది. సందు చివర మలుపు రాగానే ఆయన చేతులు వాటంతటవే స్టీరింగును వెనక్కి తిప్పబోయాయి.

“ఇటెందుకు బాబాయ్?”

“ట్రయల్ ఇక్కడి దాకానే అమ్మాయ్. రిపేరయిన బండి ఈ మలుపు దాకా తెచ్చి, తిప్పి, ఓనరుకి ఇచ్చేస్తాను. దీన్ని దాటి ఏ బండీ నడపలేదు. నాకంటూ బండి ఎప్పుడుంది గనక?”

టైలరమ్మ చెయ్యి చాపి స్టీరింగును నిలిపింది.

“తిన్నగా పోనివ్వండి,” అంది.

మేస్త్రి మలుపు దాటించాడు. ముందు మెల్లగా, తర్వాత కొంచెం వేగంగా, ఆ తర్వాత ఎవరు చెప్పినా వినేలా లేడు.