పొడిగా బిగించిన ముడి

ఎనిమిదేళ్లుగా మోస్తున్న బరువు ఇది. చూస్తే బారెడు దారం. బారెడు దారానికి అంత బరువుంటుందా అని మీరడగవచ్చు. ఉంటుంది. మోసేవాడికి తెలుస్తుంది.

మదనపల్లెలో నాతో గాలానికి వచ్చే సావాసగాళ్లు పోయిన నెల ఒక పని ఒప్పజెప్పారు. పడవ వెనక ఎర లాగే పద్ధతి, లీడరు ముడి వేసే పద్ధతి కొత్తవాళ్ల కోసం రాసిమ్మన్నారు. మొదలుపెట్టాను. ‘బిగించే ముందు ముడిని తడపాలి’ అని రాశాక చెయ్యి కదల్లేదు. ఆ కాగితం పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు.

నేను చదివింది ఐదో తరగతి. బోరు మోటార్లకు వైండింగ్ చేసి బతికాను. గాలం విద్య నాకెవరూ నేర్పలేదు. ప్యాకెట్ల మీది ఇంగ్లీషు కూడబలుక్కుని, తెగిన ప్రతి దారాన్నీ భూతద్దం కింద చూసి నేర్చుకున్నాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. గర్వం ఉన్నవాడు చేసిన తప్పు కాబట్టే ఇది ఇంత లోతున దిగింది.

పుంగనూరు దగ్గరి చెరువులో మేం పట్టేది వాలుగ చేప. దాని నోరు ఆకురాయి లాంటిది. అందుకే అసలు దారం కొసన, ఎరకు ముందు, ఫ్లోరోకార్బన్ అనే గట్టి ప్లాస్టిక్ దారం బారెడు కడతాం. లీడరంటే అదే. నీళ్లలో కనబడదు, బండకు రాసుకున్నా తొందరగా తెగదు. మరీ సన్నగా ఉంటే వాలుగ పళ్లకు ఆగదు. మరీ లావైతే క్రాంక్‌బైటు, అంటే మేం ఎరగా వాడే, మూతికి పలక ఉన్న ప్లాస్టిక్ చేప, పడవ వెనక ఊగాల్సినట్టు ఊగదు. మధ్యరకం ఎంచుకోవడానికే నాకు రెండేళ్లు పట్టింది. ఆ దారానికి ఒక గుణముంది. పొడిగా బిగిస్తే ముడి దగ్గర రాపిడికి కాలిపోతుంది. పైకి నిక్షేపంగా కనిపిస్తుంది. బరువు పడినప్పుడు పుటుక్కుమంటుంది. అందుకని బిగించే ముందు నోట్లో పెట్టుకుని తడుపుతాం. మా పడవలో నలుగురి ముడులూ నేనే వేసేవాణ్ణి. నా నోట్లోనే తడిపేవాణ్ణి.

ఆ నలుగురికి ఐదోవాడుగా మునిరత్నం వచ్చాడు. కుప్పంలో కరెంటాఫీసు ఉద్యోగి. ఆదివారం వస్తే బస్సెక్కి వచ్చేవాడు. వాళ్ల నాయన చౌడేపల్లె దగ్గర మా చేన్లో కూలికి వచ్చినవాడు. ఆ సంగతి అతను దాచలేదు, నేనూ ఎత్తలేదు. ముడి వెయ్యడం నా దగ్గరే నేర్చుకున్నాడు. కులం గిలం అనేవాళ్లను నేను టీకొట్టు దగ్గర నిలబెట్టి కడిగేవాణ్ణి. ఎంత గట్టిగా కడిగేవాణ్ణో! ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఎనిమిదేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దెక్కాక గాలి లేచింది. పడవ ఊగుతోంది. మునిరత్నం తన లీడరు రెండుసార్లు కట్టుకున్నాడు, రెండుసార్లూ జారింది. ముడిని నోట్లో తడిపి, కొసను పళ్లతో కొరికి, చివరికి నా చేతికిచ్చాడు, నువ్వే కట్టన్నా అని. దారం తడిగా ఉంది. అతని ఎంగిలి.

నేనేం చేశాను? భుజం మీది తువ్వాలుతో ఆ దారాన్ని తుడిచాను. బాగా తుడిచాను. ముడి వేశాను. నోటి దాకా తెచ్చాను. పెదాలు తాకించలేదు. తడిపినట్టు తల వంచి, పొడిగా లాగి బిగించాను.

చుట్టూ చెరువెడు నీళ్లు. వేలు ముంచి తడిపినా సరిపోయేది. ఎందుకు ముంచలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. అందరివీ నోట్లో తడిపి అతనిది మాత్రం నీళ్లలో తడిపితే, పడవలో ఉన్నవాళ్లకు తెలిసిపోతుంది. నేనెవరో తెలిసిపోతుంది. మంచివాడిలా కనబడడానికి ముడిని కాల్చాను. ఇంతకన్నా సిగ్గుమాలిన కారణం ఉంటే మీరు చెప్పండి.

గంట తిరక్కుండానే అతని గాలానికి వాలుగ పడింది. అంత పెద్దది మా పడవకు అంతవరకు పడలేదు. గాలం కడ్డీ విల్లయింది. మునిరత్నం నవ్వుతున్నాడు. పుటుక్కుమంది. ఎర ఆ వాలుగ నోట్లోనే ఉండిపోయింది.

చెరువును వేలంపాటలో పాడుకున్న రెడ్డెప్ప మాకు పెట్టిన షరతు ఒకటే. ఎవరి ఎర చేప నోట్లో మిగిలిపోతే వాళ్లు మళ్లీ పడవెక్కకూడదు. వల లాగేవాళ్లవి ఉత్త చేతులు మరి. మూడో రోజు ఆ వాలుగ వలలో పడింది. ఎరకున్న మూడు ముళ్ల కొక్కెం వల లాగే ఒకతని అరచేతిలో దిగబడింది. మరుసటి ఆదివారం గట్టు మీద రెడ్డెప్ప ఆ ఎర పట్టుకుని నిలబడ్డాడు.

“ఎవురిదప్పా ఇది?”

“నాదేన్నా,” అన్నాడు మునిరత్నం. “ముడి మాత్రం ఈ అన్న కట్టిచ్చినాడు.”

అందరూ నా వైపు చూశారు.

“నేను కట్టింటే తెగతాదా?” అన్నాను. “నేను కట్టిచ్చినాక ఎర మార్చుకున్నాడు. మళ్లా తానే కట్టుకున్నాడు.”

“నేను మార్సలేదన్నా!”

పడవ నడిపే నాగప్ప పకపక నవ్వాడు. “కరెంటోళ్ల ముడి గదప్పా, పట్టుకుంటే కొడతాది, ఇడిస్తే పోతాది!”

మునిరత్నం నవ్వలేదు. చొక్కా జేబులోంచి తెగిన కొస తీసి నా అరచేతిలో పెట్టాడు. “సూడన్నా, కొస పందితోక మాదిరి సుట్టుకోనుండాది. పొడిముడి లాగితేనే ఇట్లయితాదని నువ్వే గదన్నా సెప్పింది.”

చెప్పింది నేనే. “ఇది బండకు కోసుకున్న కొస,” అని దాన్ని నీళ్లలోకి చిమ్మేశాను.

అందరూ నా మాటే నమ్మారు. నా ముడి తెగదని అందరికీ తెలుసు కదా. మునిరత్నం నన్ను కాసేపు చూశాడు. తువ్వాలుతో తుడిచినప్పుడు అతను చూశాడా? ఇది మాత్రం నాకు ఎప్పటికీ తెలియదు. కడ్డీ సంచిలో పెట్టుకుని బస్సు రోడ్డు వైపు నడిచాడు. మళ్లీ రాలేదు.

ఆ రోజు నుంచి మా గుంపులో ఎవరి దారం తెగినా ‘మునిరత్నం ముడి’ అంటారు. కొత్తగా చేరినవాళ్లు, ఆ మనిషిని కళ్లతో చూడనివాళ్లు కూడా అంటారు. నేను విని ఊరకుంటాను. రెండుమూడుసార్లు నవ్వాను కూడా.

పోయిన వారం కుప్పం పోయాను. మునిరత్నం ఆఫీసు బయట కనబడి, పలకరించి, టీ తాగించాడు. తాగాను. చెప్పలేదు. చెబితే పోనీలేన్నా అంటాడు, ఆ మనిషి అలాంటివాడు. ఆ ఒక్క మాటతో నేను తేలిగ్గా బయటపడిపోతాను. అబద్ధం చెప్పింది గట్టు మీద, అందరి ముందర. ఒప్పుకోవడం అతనొక్కడి చెవిలోనా? అందుకే తిరిగి వచ్చేశాను. అది కూడా పిరికితనమేనేమో. నాకు తేల్చుకోవడం చేత కాలేదు.

ఆ లీడరు కట్టింది నేను. పొడిగా బిగించింది నేను. తెలియక కాదు, ఎంగిలికి ఓర్చుకోలేక. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఈ మాటలు నా బుర్రలోంచి బయటికి వచ్చాయి. ఛాతీలో కొంచెం చోటు దొరికింది, అంతే. క్షమించమని ఎవరినీ అడగను, నాకు ఆ హక్కు లేదు.

ఎవరో తెలియనివాళ్ల కోసమని మొదలుపెట్టిన ఈ కాగితాన్ని ఇప్పుడు మా సావాసగాళ్ల చేతికే ఇస్తున్నాను, వాళ్లడిగిన పద్ధతికి బదులుగా. తెగిన దారానికి ఇకమీదట అతని పేరు పెట్టకండి. నా పేరు పెట్టుకోండి. పేరు ఇక్కడ రాయలేదు. ఆ పడవలో కూర్చున్నవాళ్లకు రాయనక్కర్లేదు.