ఒకే కాన్వాసు మీద ముప్పై ఏళ్లు

ఏ రాజు ఏ కోట కూల్చి ఏ కోట కట్టాడో తేదీలతో సహా చరిత్రలో ఉంది. మా ఎదురింటి చిత్రకారుడు ప్రతి నెలా మొదటి ఆదివారం, పళ్లయినా తోముకోకుండా, గడిచిన నెల బొమ్మ మీద తెల్లరంగు పూసే మహత్తర ఘట్టం మాత్రం ఏ శాసనానికీ ఎక్కలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు.

ఆయన పగలంతా కొట్లో కూర్చుని బండ్లకు నంబర్లు రాస్తాడు. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. అయినా ఇంటికొచ్చి, మంచానికీ గోడకూ మధ్య ఇరుక్కుని నిలబడి, ఉన్న ఒక్క కాన్వాసు మీద తనను తానే గీసుకుంటాడు. మనిషిలా మాత్రం కాదు. ఒక నెల, తన సంతాపసభలో వెనక వరుసన ఆవలిస్తున్న కుర్చీ. మరో నెల, గడియారం దిండు మీద గుర్రుపెడుతుంటే పక్కన నిలబడి గంట కొట్టే మనిషి. ఈ నెల, తన శవాన్ని తానే చూడటానికి క్యూలో నిలబడిన గొడుగు.

"మళ్లీ మీరే పోయారా?" అంది భార్య, కుట్టుమిషను ఆపకుండా.

"ఇంకా లేదే. ముందు నలుగురున్నారు."

"అయితే ఈలోపు పాలు తెచ్చిపెట్టండి."

కొత్త కాన్వాసు కొనమంటే వినడు. "నిన్నటి నా మొహం ఇవాళ నేనే చూడలేను. దాచడానికి చోటు మాత్రం ఏదీ?" అంటాడు.

తెరలు కుట్టించడానికి వచ్చిన ప్రదర్శనశాల మేనేజరు ఆ గొడుగును చూసి పగలబడి నవ్వాడు. తర్వాత దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. ఎదురు కిటికీలోంచి చూసే నేను కాక, పరాయివాడు ఆయన బొమ్మ చూడటం ముప్పై ఏళ్లలో అదే మొదలు.

"వచ్చే నెల మా హాల్లో పెడదాం సార్. ఇలాంటివి ఓ ఇరవై ఇవ్వండి."

"మూడొందల అరవై దాకా వేశానండీ," అన్నాడు చిత్రకారుడు.

"ఏవీ?"

"దీని కిందే."

మేనేజరు నవ్వబోయి ఆగిపోయాడు.

"ఆ కుర్చీ భలే ఉండేదండీ," అంది భార్య నెమ్మదిగా. "అది పూసేసిన రోజు సూదిలోకి దారం ఎక్కితే ఒట్టు."

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "చెప్పలేదేం?"

"మీరు అడిగారా?"

ఒక్క బొమ్మతో హాలు నిండదు. నెల రోజుల్లో మిగతావి వేసివ్వగలరా అని మేనేజరు అడిగాడు.

"ఈ ఒక్కటి వేయడానికే ముప్పై ఏళ్లు పట్టిందండీ," అని చిత్రకారుడు మంచం మీద కూలబడ్డాడు.

మేనేజరు తెరల కొలతలు ఇచ్చి వెళ్లిపోయాడు. ఆ మరుసటి నెల ఆ హాల్లో పరుపులు అమ్మారు.