అక్కకు కాళ్లందని బండి

మొన్న రెండో శనివారం పొద్దున పదీ నలభైకి నేను మహబూబాబాద్‌లో మా వంటింట్లో కింద కూర్చుని కాకరకాయలు చెక్కు తీస్తుంటే ఫోన్ మోగింది. అక్క కూతురు. భూపాలపల్లి జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా ఉద్యోగం వచ్చి ఆ అమ్మాయి టౌనులో గది తీసుకుని ఉంటోంది. పని చేసే ఊరు అడవి పక్కన. అక్కడికి బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. రోజూ పోయి రావడానికి బండి కొనక తప్పదు. "చిన్నమ్మా, షోరూముల ఉన్న. ఒక స్కూటీ, ఒక మోటార్ సైకిల్ చూసిన. ఏది తీసుకోవాల్నో సమజైతలేదు, జర నువ్వు చెప్పు" అంది. ఆమె వెనక నుంచి మా బావ గొంతు వినిపించింది. కూతురికి బండి కొనిపెట్టడానికి రఘునాథపల్లి నుంచి మొదటి బస్సుకే బయల్దేరి వచ్చాడట. "గదంత కాదు తమ్మీ, లీటరుకు ఎంతిస్తది? గది చెప్పు" అని అమ్మే అబ్బాయిని అడుగుతున్నాడు. నేను కత్తి పక్కన పెట్టాను. ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఇంతకుముందు విన్నాను. అప్పుడు కూడా ఒక ఆడమనిషి రోజూ ఉద్యోగానికి పోయి రావడానికే బండి కొంటున్నారు. ఆ మనిషి మా అక్క. ఆమె పోయి రెండేళ్లవుతోంది.

అక్క ప్రభుత్వ నర్సు. ఇల్లు రఘునాథపల్లిలో, పని చిల్పూరు వైపు ఒక ఉపకేంద్రంలో. ఇంటి నుంచి హైవే మీది బస్సు స్టేజీ దాకా నడవాలి. బస్సు దిగాక ఆటో ఎక్కాలి, ఆటో నిండేదాకా అందులో కూర్చోవాలి. ఆ తర్వాత భుజాన టీకాల డబ్బా వేసుకుని తండా నుంచి తండాకు మళ్లీ నడవాలి. తండాల్లో ఆడవాళ్లు తమ భాషలో ఏదో అనుకుని నవ్వి, ఆమె దగ్గరికి రాగానే తెలుగులోకి మారి, "అచ్చినవా సిస్టరమ్మా, పిల్లలను ఏడిపియ్యక నీకు పొద్దు పోతలేదా" అనేవారట. అక్క వాళ్ల భాషలో తిట్లు మాత్రం బాగా నేర్చుకుంది. వాటిని వాళ్లకే తిరిగి అప్పజెబితే, వాళ్లు ముక్కు మీద వేలేసుకుని, ఆమెను కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టేవారు. ఆ ఎండలో డబ్బాలో ఐసు ముందు కరుగుతుందా, ఆఖరి తండా ముందు వస్తుందా అన్నది ఆమెకు రోజూ ఉండే బెంగ. అందుకే బండి అడిగింది. "నా జీతంల నుంచే కట్టుకుంట, నేనే నడుపుకుంట" అంది. ఇందులో అర్థం కానిది ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

అయినా ఇంట్లో సభ కూర్చుంది. బావ, అక్క మామ, మెకానిక్ షెడ్డు పెట్టిన బావ తరఫు చుట్టం, జనగామ నుంచి మా నాయిన. నేను సెలవుకు వెళ్లి ఉన్నాను కాబట్టి గడప దగ్గర కూర్చున్నాను. అందరికంటే ఎక్కువ మాట్లాడింది అక్క మామ. ఆయన సైకిలు తప్ప ఇంకేదీ నడిపి ఎరగడు, కానీ ఇంజన్ల గురించి ఆయనకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. ఏ బండి పేరు వచ్చినా చేయి అడ్డం పెట్టి, "లీటరుకు ఎంతిస్తది?" అనేవాడు. చుట్టం అరవై అంటే పెదవి విరిచేవాడు, డెబ్బై అంటే తల ఊపేవాడు. గుంతల రోడ్డు మీద బ్రేకు ఎట్లా పడుతుంది, రిపేరుకు దగ్గర్లో ఎవరున్నారు, టీకాల డబ్బా ఎక్కడ పెట్టాలి అని ఒక్కరూ అడగలేదు. అక్క చాయ్ తెచ్చి ఇస్తూ ఒకే ఒక్క మాట చెప్పింది. "ఏదన్న గానియ్యి, నాకు కాళ్లు కిందికి ఆనాలె."

అక్క పొట్టి మనిషి. నా భుజం దాకా వచ్చేది. షోరూములో ముందే ఒక స్కూటీ చూసి వచ్చింది. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాయి, కాళ్ల ముందు డబ్బా పెట్టుకునే చోటుంది. కానీ అది లీటరుకు తక్కువ ఇస్తుంది. "అది తాగుడు బండి" అన్నాడు మామ. "మొగోడు దాని మీద బజారుకు పోతె నలుగురు నగుతరు." నడిపేది అక్క కదా, మధ్యలో మగవాడు ఎక్కడి నుంచి వచ్చాడు అని అడిగాను. బావ నవ్వాడు. మెత్తని మనిషి, ఎవరి మీదా గొంతు లేపడు. "ఇంట్ల బండన్నంక ఒక్కలే నడుపుతరా మరదలా? అవుసరానికి అందరం నడుపుతం." మరి కాళ్లందని బండి ఆమె ఎట్లా నడుపుతుంది అన్నాను. "నేర్చుకుంటె అన్నీ అందుతయి" అన్నాడు మామ. అక్క ఖాళీ గ్లాసులు ఏరుతూ, "నేర్చుకుంటె కాళ్లు గూడ పెరుగుతయా మామా?" అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుతో సభ ముగిసి, డెబ్బై ఇచ్చే మోటార్ సైకిల్ ఖాయమైంది.

జనగామ షోరూములో నేను కూడా ఉన్నాను. బండికి అదనంగా ఏమేం బిగించాలి అని అడిగితే బావ మొదట చెప్పింది చీర గార్డు. వెనక చక్రానికి ఎడమ పక్కన బిగించే జాలీ అది. వెనక పక్కకు తిరిగి కూర్చునే ఆడవాళ్ల కొంగు చక్రంలో పడకుండా కాపాడుతుంది. దాని కింద పాదాలు పెట్టుకోవడానికి ఒక పలక. మంచి వస్తువే. కానీ అది ముందు కూర్చుని నడిపే మనిషికి పనికి వచ్చేది కాదు. ఆ నాలుగు బోల్టులూ బిగిస్తున్నంతసేపూ అక్క చూస్తూ నిలబడింది. నేను ఆమె ముఖం చూశాను. అక్కడి నుంచి నేరుగా చిల్పూరు గుట్టకు బండి పూజకు వెళ్లారు. నిమ్మకాయల మీదుగా ముందుకు తోలింది బావ. కొబ్బరి చిప్పలు ఒళ్లో పెట్టుకుని, పక్కకు తిరిగి, పలక మీద పాదాలు పెట్టి వెనక కూర్చుంది అక్క. ఆ బండి మీద మొదటి రోజు ఎక్కడ కూర్చుందో చివరిదాకా అక్కడే కూర్చుంది.

నేర్పిస్తానన్నాడు బావ, అబద్ధం ఎందుకు. కానీ మా వైపు ఒక నమ్మకం ఉంది. కొత్త బండి మొదట్లో ఒకే చేతిలో, మెల్లగా నడవాలి, నేర్చుకునేవాళ్ల చేతిలో పడితే జన్మకు మైలేజీ రాదు. కాబట్టి మొదటి సర్వీసింగ్ అయ్యేదాకా ఆగమన్నాడు. అది అయ్యాక, రెండోది అయితే ఇంజను సాఫీ అవుతుందన్నాడు. ఆ తర్వాత వానలు వచ్చాయి. చివరికి ఒక సాయంత్రం బడి మైదానంలో ఎక్కించాడు. కదిలినంతసేపు బాగానే వెళ్లింది, ఆగేటప్పుడు పాదం నేల కోసం వెతుక్కుంది. నేల అందలేదు. బండి పక్కకు ఒరిగి, ఆమె కింద పడింది. బావ పరుగెత్తుకొచ్చి ముందు బండిని లేపాడు. ట్యాంకు మీద గీత పడిందేమో తుడిచి చూసి, అప్పుడు ఆమె వైపు తిరిగి, "తాకిందా?" అన్నాడు. ఈ సంగతి అక్కే నాకు చెప్పింది, పొట్ట పట్టుకుని నవ్వుతూ, బావ గొంతును అనుకరిస్తూ. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఏర్పాటు ఇట్లా కుదిరింది. బావకు జనగామలో ఎరువుల దుకాణంలో పని. బండి ఆయనతో జనగామ పోతుంది. పోయేముందు అక్కను ఇంటి దగ్గర ఎక్కించుకుని స్టేజీలో దింపుతాడు. టీకాల డబ్బా ఆమె ఒళ్లో. తర్వాత ఆమె బస్సు, ఆమె ఆటో, ఆమె నడక ఎప్పటిలాగే. ఆమె ఉద్యోగం కోసం, ఆమె జీతంతో కొన్న బండి ఆమెను రోజూ మోసిన దూరం అంతే. కానీ ఊరు దాన్ని చూసింది. "ఏం తక్కువ చేస్తుండు? దినాం దింపుతడు" అన్నారు. దింపే మొగుడు ఉన్న ఆడది అదృష్టవంతురాలు. అక్క కూడా ఆ మాటను నమ్మడం మొదలుపెట్టింది, లేదా నమ్మినట్టు ఉండడం తేలికని తెలుసుకుంది.

రొమ్ములో గడ్డ ఉన్నట్టు ఆమెకే ముందు తెలిసింది. తండా ఆడవాళ్లను తడికె చాటుకు పిలిచి, చేత్తో ఎట్లా చూసుకోవాలో, తగిలితే దాచుకోకుండా ఎక్కడికి పోవాలో ఏళ్ల తరబడి చెప్పిన మనిషి. హన్మకొండలో స్కాన్ చేయించాలంది. "బస్సుల ఎందుకు, నేను తోల్కపోత" అన్నాడు బావ. ఆదివారం అన్నాడు. ఆదివారం స్కానింగ్ వాళ్లు ఉండరు. మరో రోజు అనుకుంటే బండి సర్వీసింగ్‌లో ఉంది. తర్వాత విత్తనాల సీజను వచ్చింది, దుకాణం విడిచి రావడానికి లేదు. బస్సు ఎక్కి వెళ్లవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. మహబూబాబాద్ నుంచి రైలెక్కి వస్తాను, నువ్వు హన్మకొండ దాకా రా చాలు అన్నాను. ఫోన్‌లో ఆమె గొంతు తగ్గించి, "నీకెట్ల చెప్పాల్నే? తోల్కపోత అన్న మనిషి ఉండంగ నేనొక్కదాన్నే బస్సెక్కితె ఆయన ముఖమెట్ల సూపెడ్తడు? అలుగుతడే. కొన్ని దినాలే గదా" అంది. మొగుడు దింపుతానన్నాక ఆడది తనంతట తాను వెళ్లడం మా దగ్గర ఆయన పరువు తీయడం. ఈ ఆచారం ఎక్కడా రాసి లేదు. అక్క దానికి కట్టుబడింది. పత్తి విత్తనాలు పెట్టే రోజులకు ముందే మొదలైన ఎదురుచూపు, పత్తి ఏరే రోజుల దాకా సాగింది.

చివరికి నేనే చెప్పకుండా రఘునాథపల్లి వెళ్లి, ఆమెను చేయి పట్టుకుని స్టేజీకి నడిపించి బస్సెక్కించాను. బస్సు ఘన్‌పూర్ దాటాక అక్క కిటికీలోంచి వెనక్కి చూసి, "అగో" అంది. స్టేజీలో చూసి ఎవరు చెప్పారో, బావ బండి మీద మా బస్సు వెనకాలే వస్తున్నాడు. హన్మకొండ దాకా అట్లాగే వచ్చాడు. రావడానికి వీలున్న మనిషే అని ఆ రోజు నా కళ్లతో చూశాను. బండి ఎంత బాగా నడుస్తోందో కూడా చూశాను. అక్క మాత్రం కిటికీ వదలలేదు. "నిమ్మళంగ తోలుమని చెప్పరాదూ, లారీలొస్తున్నయ్" అంటూనే ఉంది. డాక్టరు ఫిల్ములు చూసి, మీరు నర్సు కదా, ఇంత ఆలస్యం ఎందుకు చేశారు అని అడిగింది. అక్క నా వైపూ బావ వైపూ కాకుండా గోడ వైపు చూసి, "డ్యూటీలు మేడం, తీరలేదు" అంది. చివరి అబద్ధం కూడా ఆయన పరువు కోసమే వాడింది.

ఆమె పోయిన తర్వాత దినాలకు వచ్చిన వాళ్లందరూ బావ భుజం మీద చేయి వేసి ఒకే మాట అన్నారు. "పాపం, ఎండలొద్దు వానలొద్దని దినాం బండి మీద దింపేటోడు. ఒక్కనాడు నడవనియ్యలె." బావ ఏడ్చాడు. అది నిజమైన ఏడుపే, నాకు అనుమానం లేదు. నేను పెరట్లో బోళ్లు తోముతూ ఆ మాట విన్నాను. ఒక అండా అడుగు తెల్లబడేదాకా తోమాను. దుఃఖం కాలంతో తగ్గుతుందని నేను చదివిన పుస్తకాలు చాలా చెప్పాయి. దుఃఖం సంగతి నిజం కావచ్చు. కోపం మాత్రం కొంచెం కూడా తగ్గలేదు. ఆ బండి ఇప్పటికీ లీటరుకు అరవై ఐదు ఇస్తుందట. బావ దాన్ని ఆదివారం ఆదివారం అక్క పాత చీర ముక్కతో తుడుస్తాడు.

అందుకే మొన్న ఫోన్‌లో నేను అక్క కూతురికి ఏ బండి మంచిదో చెప్పలేదు. స్పీకర్ పెట్టమన్నాను. "రెండిటి మీదా కూర్చో" అన్నాను. తర్వాత, "బావా, పిల్లకు ఏ బండి మీద కాళ్లు కిందికి ఆనుతున్నయో, చూసి చెప్పు" అన్నాను. అమ్మే అబ్బాయి మధ్యలో దూరి, "మేడం, ఆ మోటార్ సైకిల్‌కు చీర గార్డు ఫ్రీగ ఇస్తున్నం" అన్నాడు. అప్పుడు బావ గొంతు వచ్చింది. "స్కూటీకి ఆనుతున్నయ్." కొంచెం ఆగి, "లీటరుకు జర తక్కువిస్తది" అన్నాడు. ఇంకొంచెం ఆగి, "ఇయ్యనీ. గదే రాయి తమ్మీ" అన్నాడు. ఆ మాట ఆయన పదేళ్ల ముందు అని ఉండాల్సింది. నేను మెచ్చుకోలేదు, ఫోన్ పెట్టేశాను. కాకరకాయలు నల్లబడ్డాయి.

సాయంత్రం పిల్ల మళ్లీ చేసింది. బండి బాగా వస్తోందట, ఎర్రలైటు దగ్గర రెండు కాళ్లూ పెట్టి హాయిగా నిలబడిందట. "బాపును బస్టాండ్ల దింపుత ఎక్కుమన్న చిన్నమ్మా. ఎక్కలె. నడుస్త బిడ్డా అని పోయిండు" అంది. రఘునాథపల్లి స్టేజీ దగ్గర హైవేను వెడల్పు చేశారు. అక్క దిగిన చోటు ఇప్పుడు రోడ్డు మధ్యకు వచ్చింది, దాని మీదుగా లారీలు పోతాయి. కాలం ఆ చోటును చెరిపేసింది గానీ, జరిగినదాన్ని చెరపలేదు. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎవరినీ దింపరు.